గొయ్యి తవ్వినవాడే కప్పాలి

(కామాటిపురాలో తెలుగు సంఘాల యువజన కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



యవ్వనస్తుల కూడికలో బొగ్గు గురించి మాట్లాడతామంటే కొందరికి వింతగా అనిపించింది. ముంబైలో బొగ్గుబాయి లేదు. కామాటిపురా గల్లీల్లో ఇస్త్రీ బండి దగ్గర తప్ప బొగ్గు కంటికి కనబడదు. మరి ఈ మాట మనకెందుకు? ఈ సాయంత్రం ఈ ప్రశ్ననే అందరం కలిసి ఆలోచిద్దాం.

వాక్యంతో మొదలుపెడదాం. నిర్గమకాండము 21వ అధ్యాయం, 33, 34 వచనాలు తీయండి. పది ఆజ్ఞలు ఇచ్చిన వెంటనే దేవుడు మోషేకు చెప్పిన కట్టడల్లో ఇది ఒకటి. ఎవడైనా గొయ్యి తవ్వి, దాన్ని కప్పకుండా వదిలేస్తే, అందులో పొరుగువాడి ఎద్దో గాడిదో పడి చచ్చిపోతే, ఆ గోతి యజమాని నష్టం కట్టాలి. ఇంతే. చాలా చిన్న కట్టడ. మనలో చాలామంది దీన్ని చదివి ముందుకు వెళ్లిపోతాం.

కాని ఒకసారి ఆగి చూడండి. గొయ్యి తవ్వడమే పాపమని దేవుడు చెప్పలేదు. నీళ్లకో, ధాన్యం దాచుకోవడానికో మనిషి తవ్వుకుంటాడు. తవ్వినవాడి ఉద్దేశం మంచిదా చెడ్డదా అని కూడా అడగలేదు. పొరుగువాడిని చంపాలని వాడు తవ్వలేదు. అయినా బాధ్యత వాడిదే. ఎందుకంటే లాభం తీసుకున్నవాడు వాడు, కప్పాల్సినవాడూ వాడే. తవ్వడం సగం పని. కప్పడంతో పని పూర్తవుతుంది.

ఈ కట్టడను పట్టుకుని మన దేశపు బొగ్గు పరిశ్రమను చూద్దాం.

ముందు కరెంటు తీగ పట్టుకుని వెనక్కి నడుద్దాం. మన గదుల్లో ఫ్యాన్ తిరిగేది బెస్ట్ వారి కరెంటుతో. బెస్ట్ తాను కరెంటు తయారు చేయదు, కొంటుంది. ఏళ్ల తరబడి ఎక్కువగా టాటా పవర్ దగ్గర కొన్నది. ఆ కంపెనీకి కొండల్లో జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. చెంబూరు పక్కన ట్రాంబేలో థర్మల్ కేంద్రం కూడా ఉంది. అక్కడ ఓడల్లో వచ్చిన విదేశీ బొగ్గు కాలుతుంది. ఆ పక్కనే మాహుల్ ఉంది. చుట్టూ రిఫైనరీలు, ట్యాంకులు, పొగగొట్టాలు. పైపులైను పక్కన గుడిసెలు తీసేసి పేదల్ని తెచ్చి పడేసింది ఆ మాహుల్‌లోనే. అక్కడి గాలి ఆరోగ్యానికి ముప్పని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పింది. ఆ జనం వేరే చోట అద్దెకు ఉండడానికి నెలకు 15,000 రూపాయలు ఇవ్వాలని 2019లో బొంబాయి హైకోర్టు ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఇంకొంచెం దూరం నడుద్దాం. థానే జిల్లాలో పడ్ఘా అనే ఊరుంది. అక్కడికి చంద్రపూర్ నుంచి 752 కిలోమీటర్ల పొడవున పెద్ద విద్యుత్ లైను వస్తుంది. 1999లో మొదలైన ఆ లైను 1500 మెగావాట్లు మోయగలదు. విదర్భలో బొగ్గు కాల్చి, పడమటి మహారాష్ట్రలో దీపాలు వెలిగించడానికే దాన్ని వేశారు. చంద్రపూర్ థర్మల్ కేంద్రం సామర్థ్యం 2920 మెగావాట్లు. రాష్ట్ర ప్రభుత్వ కంపెనీ నడిపే థర్మల్ కేంద్రాల్లో అన్నిటికంటే పెద్దది. దాని చుట్టూ ఉన్న బొగ్గు గనులు వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్‌వి. అది కోల్ ఇండియా పిల్ల సంస్థ, నాగ్‌పూర్‌లో దాని ఆఫీసు. చంద్రపూర్‌లో, బల్లార్‌పూర్‌లో మన తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో అతి ఎక్కువగా కలుషితమైన పారిశ్రామిక ప్రాంతాల పట్టిక వేస్తే చంద్రపూర్‌ది నాలుగో స్థానం. వెలుగు మన వైపు వచ్చింది. బూడిద అక్కడే ఉండిపోయింది.

చంద్రపూర్ దగ్గర మొదలైన ఆ బొగ్గు పొర అక్కడే ఆగదు. ప్రాణహిత, గోదావరి వెంబడి కిందికి దిగి బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం, భూపాలపల్లి, మణుగూరు, కొత్తగూడెం, ఇల్లెందు దాకా పోతుంది. అదే సింగరేణి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరికి మేనమామో, పెదనాన్నో, బావో బాయి పని చేసిన మనిషే. కరువుకు ఒక ఇంట్లో పెద్దోడు గోదావరిఖని బస్సెక్కితే చిన్నోడు బొంబాయి రైలెక్కాడు. కాబట్టి బొగ్గు మనకు పరాయి సంగతి కాదు. ఒకే తల్లి పిల్లల్లో ఒకరు బొగ్గు తీశారు, ఇంకొకరు ఆ బొగ్గుతో నడిచే పట్నాన్ని కట్టారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ గోతికి యజమాని ఎవరు?

1971 నుంచి 1973 మధ్య ప్రభుత్వం బొగ్గు గనుల్ని జాతీయం చేసింది. ప్రైవేటు యజమానులు పైపైన తీరిక దొరికినంత బొగ్గు తోడుకుని, కార్మికుల ప్రాణాలను గాలికొదిలేశారన్నది అందుకు ఒక ముఖ్య కారణం. 1975లో కోల్ ఇండియా పుట్టింది. ఈనాటికీ అందులో 60 శాతానికి పైగా వాటా కేంద్ర ప్రభుత్వానిదే. సింగరేణి అంతకంటే పాతది. 1920లో కంపెనీగా నమోదైంది. ఇప్పుడు అందులో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. అంటే ఈ గనుల యజమాని ఏ సేఠో కాదు, ప్రజలు. ఓటు వేసే మనం, పన్ను కట్టే మనం. నిర్గమకాండములో గోతి యజమాని అన్న మాట చదివినప్పుడు మనం వేలు ఎవరివైపు చూపాలి? కొంత మనవైపు కూడా చూపుకోవాలి. జాతీయ పరిశ్రమ అంటే లాభం జాతిదే, కప్పే బాధ్యతా జాతిదే.

బొగ్గు మనకు మేలు చేయలేదని ఎవరూ అనకూడదు. దేశంలో తయారయ్యే కరెంటులో నూటికి 70 వంతులకు పైగా బొగ్గు నుంచే వస్తోంది. 2023-24లో కోల్ ఇండియా 77 కోట్ల టన్నులకు పైగా, సింగరేణి 7 కోట్ల టన్నులు తీశాయి. సింగరేణి ఉద్యోగం ఎన్నో మాల మాదిగ కుటుంబాలకు, వెనుకబడిన కులాల కుటుంబాలకు మొదటిసారి నెల జీతం చూపించింది. క్వార్టరు, ఆసుపత్రి, పిల్లలకు బడి ఇచ్చింది. బొగ్గు ప్రాంతాల్లో సంఘాలు కట్టింది కార్మికుల దశమభాగాలే. ఇదంతా దేవుని ముందు కృతజ్ఞతతో ఒప్పుకోవాలి.

అదే నోటితో రెండో లెక్క కూడా చెప్పాలి. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చస్నాలా గనిలోకి నీళ్లు చొచ్చుకొచ్చి 370 మందికి పైగా చనిపోయారు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలో అదే రకంగా నీళ్లు ముంచెత్తి 17 మంది పోయారు. ఝరియాలో 1916లో అంటుకున్న నిప్పు వందేళ్లు దాటినా భూమి లోపల కాలుతూనే ఉంది. దానిపైన కుటుంబాలు బతుకుతున్నాయి. ఇప్పుడు బొగ్గులో ఎక్కువ భాగం భూగర్భ గనుల నుంచి కాదు, ఓపెన్‌కాస్టుల నుంచి వస్తోంది. ఊళ్లకు ఊళ్లు లేచిపోతాయి. పేలుళ్లకు చుట్టుపక్కల ఇళ్ల గోడలు బీటలు వారతాయి. తెలంగాణ ఉద్యమ కాలంలో జనం వాటిని బొందలగడ్డలు అన్నారు. ఓపెన్‌కాస్టులో యంత్రమే మనిషి పని చేస్తుంది. ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి కార్మికులు ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. తగ్గిన పనిలో చాలా భాగం కాంట్రాక్టు కూలీల చేతికి వెళ్లింది. కోల్ ఇండియాలో ఒప్పుకున్న హైపవర్ కమిటీ వేతనాలు తమకూ ఇవ్వాలని 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు సమ్మె చేశారు. కోత కోసిన కూలివాడి జీతం బిగబడితే ఆ జీతమే దేవునికి మొరపెడుతుందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతుంది. ఆ మొర బొగ్గుబాయి నుంచి కూడా వినబడుతుంది.

గొయ్యి కప్పడానికి మన చట్టంలో ఏమీ లేదా అంటే, ఉంది. 2009లో కేంద్ర బొగ్గు శాఖ గనుల మూసివేత నియమాలు తెచ్చింది. గని తెరవకముందే ఎలా మూస్తారో ప్రణాళిక చూపాలి. ఓపెన్‌కాస్టుకు హెక్టారుకు 6 లక్షలు, భూగర్భ గనికి లక్ష రూపాయల చొప్పున, అప్పటి ధరల లెక్కన, విడిగా ఒక ఖాతాలో వేస్తూ రావాలని ఆ నియమాలు చెప్పాయి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువు అడిగాడు గదా, లూకా 14వ అధ్యాయంలో. ఇది అలాంటి నియమమే. మంచిదే. కాని తర్వాతి పదిహేనేళ్లలో ఈ నియమం ప్రకారం పూర్తిగా మూసి, ధ్రువపత్రం పొందిన గనులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. బొగ్గు అయిపోయి వదిలేసినవి మాత్రం వందకు పైగా ఉన్నాయి.

రెండోది, 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. పాత లీజులున్న కంపెనీలు రాయల్టీలో 30 శాతానికి సమానమైన డబ్బు అందులో వేయాలి. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్లలో తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం వంటి అవసరాలకు దాన్ని వాడాలి. ఆ డబ్బు గని పక్క ఊరికి చేరిందా, జిల్లా కేంద్రంలో రోడ్డు కిందికి పోయిందా అని అడిగే హక్కు ఆ ఊరి గ్రామసభకు ఉంది.

మూడోది, మన దేశం 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలకు చేరుతుందని 2021లో గ్లాస్గో సదస్సులో ప్రధానమంత్రి మాట ఇచ్చారు. దానికి తగ్గట్టు కోల్ ఇండియా 3,000 మెగావాట్ల సౌర విద్యుత్ పెడతామంది. సింగరేణి ఇప్పటికే 200 మెగావాట్లకు పైగా పెట్టింది. లారీలకు బదులు కన్వేయర్ బెల్టులు, మట్టికుప్పల మీద చెట్లు, గని నీళ్లు ఊళ్లకు ఇవ్వడం వంటి పనులు వార్షిక నివేదికల్లో కనిపిస్తాయి. వీటిని కొట్టిపారేయనక్కర్లేదు. అయితే అడవి పోయిన చోట వరుసగా నాటిన మొక్కలు అడవి కావు. సౌర పలకలు పెట్టినంత మాత్రాన బాయి మూతపడిన ఊళ్లో పిల్లలకు పని దొరకదు.

ఈ చివరి మాట దగ్గర మనం ఆగాలి. ఎందుకంటే ఈ విషయంలో సాక్ష్యం చెప్పగలిగిన అర్హత ముంబై తెలుగు చాళ్లకు ఉన్నంతగా ఇంకెవరికీ లేదు.

మన పెద్దలు కట్టింది, నడిపింది మిల్లుల ముంబైని. నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాటీలు ఈ దీవుల మధ్య పల్లాలు పూడ్చి, రోడ్లు వేసి, గోడలు లేపారు. అందుకే ఈ పేటకు ఆ పేరు. తర్వాత పద్మశాలీలు, మరెందరో మిల్లుల్లోకి వెళ్లారు. వర్లీ, పరేల్, లోయర్ పరేల్ చాళ్లలో ఒక్కో గదిలో పదేసి మంది పాళీల వారీగా పడుకుని మిల్లుకు వెళ్లొచ్చారు. ఆ మిల్లులు కూడా మొదట బొగ్గు ఆవిరితోనే నడిచాయి. 1982 జనవరి 18న సమ్మె మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది పని ఆపారు. ఆ తర్వాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి.

ఒక పరిశ్రమ కాలం తీరి ముగిసిపోవడం వింత కాదు. ఎలా ముగిసిందన్నదే ముఖ్యం. 1991లో వచ్చిన నియమం ప్రకారం మిల్లు భూమిలో సుమారు మూడో వంతు ఖాళీ స్థలానికి, మూడో వంతు ఇళ్లకు, మిగిలింది యజమానికి. 2001లో ఆ నియమాన్ని మార్చి, కట్టడాలు లేని ఖాళీ జాగాకే ఆ పంపకం వర్తిస్తుందన్నారు. 2006లో సుప్రీంకోర్టు ఆ మార్పును సమర్థించింది. మాళ్లు, అద్దాల మేడలు లేచాయి. మిల్లు కార్మికుల ఇళ్ల కోసం లక్షన్నరకు పైగా కుటుంబాలు దరఖాస్తు పెట్టుకుంటే ఇల్లు దొరికింది కొద్దిమందికే. ఎందరో తాతలు లాటరీలో పేరు వస్తుందని చూస్తూ చూస్తూ కన్నుమూశారు. మిల్లు అనే గొయ్యిని తవ్వినవాళ్లు ఎవరూ కప్పలేదు. అందులో పడింది మన ఇళ్లే. ఎందరి చదువులు ఆగిపోయాయో, ఎందరు సారాకు, అప్పుకు, గూండాల చేతికి చిక్కారో, ఎన్ని ఇళ్లలో ఆడవాళ్లు ఒంటి రెక్కల మీద సంసారం ఈదారో ఈ గల్లీలకు తెలుసు.

ఇప్పుడు బొగ్గు వైపు చూడండి. రేపో ఎల్లుండో, ఇరవై ఏళ్లకో నలభై ఏళ్లకో బొగ్గు తగ్గుతుంది. తగ్గాలి కూడా. భూమి వేడెక్కితే మొదట ఉడికేది రేకుల కప్పు కింద, గాలి ఆడని చాల్ గదిలో ఉండేవాళ్లే. వాన విరుచుకుపడితే మొదట మునిగేదీ మనమే. 2005 జూలై 26న ఒక్కరోజులో 944 మిల్లీమీటర్ల వాన పడితే ఈ నగరం ఏమైందో మీ ఇళ్లలో అడగండి. బొగ్గు తగ్గాలి, సరే. కాని మిల్లులు ముగిసినట్టు బొగ్గు ముగియకూడదు. గోదావరిఖని మరో గిరణ్‌గావ్ కాకూడదు.

ఆ గుర్తులు ఇప్పుడే కనిపిస్తున్నాయి. బొగ్గు కోసం తీసుకున్న భూమి ఎక్కువగా 1957 నాటి బొగ్గు భూముల చట్టం కింద సేకరించిందే. బొగ్గు తీసేశాక ఆ భూమి రైతుకు తిరిగి ఇవ్వాలన్న నిబంధన ఆ చట్టంలో లేదు. 2022 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక విధానం ఆమోదించింది. తవ్వకం అయిపోయిన భూమిని బొగ్గు, ఇంధన రంగాల నిర్మాణాలకు, సౌర విద్యుత్ కేంద్రాలకు లీజుకు ఇవ్వొచ్చని. సౌర విద్యుత్ మంచిదే. కాని ఆ భూమి ఇచ్చిన కుటుంబానికి అందులో పాలు ఉందా? మిల్లు భూమి పోయిన దారినే గని భూమీ పోతుందా? భూమి నాది, మీరు నా దగ్గర ఉంటున్న పరదేశులు అన్న అర్థంలో దేవుడు లేవీయకాండము 25లో మాట్లాడాడు. యాభయ్యో ఏట భూమి ఎవరిది వాళ్లకు తిరిగి వెళ్లాలన్నాడు. కనీసం ఆ ప్రశ్నైనా అడగకుండా సంఘం మౌనంగా ఉండకూడదు.

మీలో కొందరికి ఒక సందేహం ఉంటుంది. రెండు వందల ఏళ్లు బొగ్గు కాల్చి ధనవంతమైన దేశాలు ఉండగా మనల్నే ఎందుకు అడుగుతారని. సరైన ప్రశ్నే. ఆ దేశాల బాకీ పెద్దది, దాన్ని ఆ దేశాలు తీర్చాల్సిందే. కాని పెద్ద గొయ్యి తవ్వినవాడు కప్పలేదు కాబట్టి నా గొయ్యి కూడా తెరిచే ఉంచుతానంటే, నా గోతిలో పడేది ఆ దేశంవాడు కాదు, నా పొరుగువాడే.

ఇంకొక సందేహం, ఇది సంఘం పనేనా అని. నాబోతు ద్రాక్షతోట విషయంలో ఏలీయా ఇది ప్రార్థన సంగతి కాదు గదా అని ఇంట్లో కూర్చోలేదు. యోబు గ్రంథం 28వ అధ్యాయం చదవండి. మనుషులకు దూరంగా, చీకట్లో, తాళ్లకు వేలాడుతూ రాళ్ల మధ్య వెదికే గని కార్మికుడి బొమ్మ అందులో ఉంది. భూగర్భంలో చెమటోడ్చే మనిషిని పరిశుద్ధ గ్రంథం చూసింది. మనమూ చూడాలి.

మరి ఏం చేద్దాం? నాలుగు పనులు మీ ముందు పెడుతున్నాం.

ఒకటి, చదవండి. పర్యావరణ అనుమతి పొందిన ప్రతి గనీ ఆరు నెలలకోసారి, జూన్‌లో ఒకటి, డిసెంబరులో ఒకటి, షరతులు ఎంతవరకు పాటించిందో నివేదిక ఇవ్వాలి. మీలో ఇంజినీరింగ్, లా, కామర్స్ చదివినవాళ్లున్నారు. ఒక్కొక్క సంఘం ఒక్కొక్క గనిని తీసుకోండి. బంధువులున్న ఊరి గని అయితే ఇంకా మంచిది. మూసివేత ఖాతాలో ఎంత పడింది, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు కింద అడగండి.

రెండు, ఊరితో మాట్లాడండి. ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు బొగ్గు ప్రాంతపు సంఘాలు ఒంటరిగా నిలబడుతున్నాయి. సెలవులకు ఊరెళ్లినప్పుడు ఖనిజ నిధి గురించి గ్రామసభలో అడిగేలా మీవాళ్లకు ధైర్యం చెప్పండి. భయంగా ఉంటే మనమంతా కలిసి వెళ్దాం.

మూడు, సాక్ష్యం చెప్పండి. మిల్లు కార్మికులుగా బతికిన పెద్దలు ఇంకా కొందరు మన మధ్య ఉన్నారు. వాళ్ల మాటలు తెలుగులో రికార్డు చేయండి. పని పోయిన తర్వాత మొదటి ఏడాది ఏం జరిగింది, మొదట ఏం అమ్ముకున్నారు, పిల్లల్లో ముందుగా ఎవరి బడి మానిపించారు, ఇవన్నీ అడగండి. ఆ రికార్డులను బొగ్గు ప్రాంతాల కార్మిక సంఘాలకు, సంఘాలకు పంపుదాం. బాయి మూతపడకముందే ఏమేం అడిగి రాయించుకోవాలో అక్కడివాళ్లకు మన పెద్దలే బాగా చెప్పగలరు.

నాలుగు, మన ఇల్లు చూసుకోండి. ఈ గల్లీల్లో ఒక్క ఫ్యాన్, ఒక్క బల్బుతో బతికేవాళ్లకు పొదుపు బోధించడం మా ఉద్దేశం కాదు. కాని మన మందిరాల్లో పెద్ద ఏసీలు, పండగకు పదివేల బల్బులు పెట్టుకునే సంఘాలు ఉన్నాయి. పైకప్పు మీద సౌర పలకలు పెట్టుకునే స్తోమత వాటికి ఉంది. ఈ క్రిస్మస్‌కు ముందే సంఘ కమిటీల్లో ఆ మాట ఎత్తండి.

కామాటిపురా పేరు వినగానే బయటి లోకం ఒక్క విషయమే తలుస్తుంది. ఇప్పుడు ఈ పేట పునర్నిర్మాణం గురించి కూడా చర్చ నడుస్తోంది. ఇక్కడ అద్దెకుంటున్నవాళ్లకు, పొట్టకూటి కోసం ఇక్కడే బతుకుతున్న ఆడవాళ్లకు ఏం దక్కుతుందో ఎవరికీ స్పష్టంగా తెలియదు. గని మూతపడే ఊరి ప్రశ్న, కూల్చబోయే చాల్ ప్రశ్న ఒకటే. మనిషిని వాడుకుని వెళ్లిపోయేవాళ్లు వెళ్లేముందు ఏం అప్పజెప్పి వెళ్లాలి? ఆ ప్రశ్న మన కోసం అడిగితే హక్కు అవుతుంది. గోదావరి ఒడ్డున ఉన్న అన్నదమ్ముల కోసం కూడా అడిగితే అది పొరుగువాడిని ప్రేమించడం అవుతుంది.

వచ్చే నెల కూడికకు ప్రతి సంఘం నుంచి ఇద్దరు యవ్వనస్తులు ఒక గని పేరు రాసుకుని రండి. అక్కడి నుంచి మొదలుపెడదాం. దేవుడు మనకు తోడై ఉండును గాక. ఆమేన్.